పిడికిలి చల్లారేదాకా

నూట నలభై మెట్ల ఇనుప నిచ్చెన ఎక్కి, ఆ పైన గాజుగదిలో కూర్చుని, కింద బల్లమీద పెట్టిన కోడిగుడ్డు మీద రెండు టన్నుల ఇనుప దూలాన్ని పెంకు చిట్లకుండా ఆనించి, మళ్ళీ మెల్లగా పైకి లేపిన క్రేన్ డ్రైవరు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. నేను కళ్ళారా చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. ఆ గుడ్డు పుణ్యమా అని పనిచోట అందరూ అతన్ని మెత్తచెయ్యి అంటారు, మనమూ అలాగే అందాం. ఆ మెత్తచెయ్యి ఇప్పుడు ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో, ఇనుప కుర్చీల వరసలో మూడోదాంట్లో కూర్చుని ఉన్నాడు. నాలుగు కుర్చీల్నీ ఒకే కమ్మీకి బిగించారు గనుక అటు చివర ఎవరు కూర్చున్నా ఇటు ఇతను వేలెడంత పైకి లేస్తున్నాడు, వాళ్ళు లేచిపోతే దిగుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా బరువుల్ని లేపి దించిన మనిషిని కుర్చీ లేపి దించుతోంది. నవ్వు రావలసిన సంగతే, రాలేదు. డాక్టరమ్మ భోజనానికి వెళ్ళింది, గంటలో వస్తానంది. వచ్చాక ఒక రబ్బరు బుడ్డి చేతికిచ్చి పిసకమంటుంది, వదలమంటుంది. వదలడానికి చెయ్యి ఎంతసేపు తీసుకుందో తెరమీద గీత చెబుతుంది. గీత చటుక్కున దిగితే మెత్తచెయ్యి చేతులు బాగున్నట్టు, మళ్ళీ నిచ్చెన ఎక్కవచ్చు. అప్పుడు జరిగిన ప్రమాదంలో తప్పు క్రేనుది అవుతుంది, క్రేను తప్పంటే దాన్ని చూసుకునే మెకానిక్కుది. ఆ మెకానిక్కు ఇతని భార్యకు తమ్ముడు. గీత మెల్లగా జారితే తప్పు ఇతనిదే. ఇంత సంగతినీ ఎవరో పక్కింటివాళ్ళ తగాదా విన్నట్టు విన్నాడు తన బుర్రలో, విని ఎదుటి గోడ చూశాడు. గోడమీద మనిషి చెయ్యి బొమ్మ ఉంది, చర్మం ఒలిచి కండలు చూపిస్తూ, ఎర్రగా, చారలు చారలుగా. చూస్తుంటే జేబులో ఏదో మెదులుతున్నట్టు తోచింది. తన చేతులే. మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. ఎప్పుడు మొదలుపెట్టాయో తెలియదు, అతన్ని అడగలేదు.

మూసి తెరిచి, మూసి తెరిచి, ఇరవైసార్లు. మొదటిసారి మూస్తే వేళ్ళు తిరిగి రావు, బంకలో పడ్డట్టు, ఒక్కొక్కటే బతిమాలి లాగాలి. రెండోసారి కాస్త నయం. పదోసారికి దారికొస్తాయి. ఇరవయ్యోసారికి మనిషి చేతుల్లాగే ఉంటాయి, ఎవరూ పోల్చలేరు. ఈ విద్య ఎవరూ నేర్పలేదు, నాన్న కూడా. నాన్నకూ ఇదే ఉండేది, ఆయన దానికి పేరు పెట్టలేదు అంతే. ఇంటికొచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుంటే వదిలేవాడు కాదు, వాళ్ళు గుమ్మం దాటబోతున్నా ఆ చెయ్యి ఆయన చేతిలోనే ఉండేది, ఊళ్ళో సగంమంది ఆ పట్టు చూసి ఈయనకు మనుషులంటే ఎంత ప్రాణమో అనుకున్నారు, ఆయన పోయినప్పుడు అదే చెప్పుకుని ఏడ్చారు. ఇతనికి పెళ్ళిచూపులైన వారానికి, బస్సు ఎక్కబోతున్న పిల్ల చెయ్యి పట్టుకుంటే అదీ అంతే అయింది, బస్సు కదులుతున్నా వదలలేదు, ఆమె రెండో బస్సు కూడా పోగొట్టుకుంది, ఇంటికెళ్ళి అక్కతో ఇలాంటి మనిషి దొరకడని చెప్పింది. రెండేళ్ళ తర్వాత పెరట్లో బకెట్టు పట్టు విడిపించలేక నిలబడిపోయినప్పుడు గుట్టు బయటపడింది. నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది, ఆ రోజు బస్టాపులో పట్టుకున్నది ప్రేమ కాదన్నమాట అని. మొదటి క్షణం ప్రేమే, తక్కినది జబ్బు, అన్నాడు. అప్పుడు ఇద్దరూ ఎంత నవ్వారో. ఇప్పుడు ఆ నవ్వు గుర్తుంది గానీ దాని చప్పుడు గుర్తులేదు, నోళ్ళు కదలడం కనిపిస్తోంది, గాజుగదిలోంచి కింద మనుషుల్ని చూసినట్టు. నిచ్చెనే అతని మందు. నూట నలభై మెట్లు, ప్రతి మెట్టునూ పట్టాలి, వదలాలి. పైకి చేరేసరికి చేతులు వెన్నలా ఉండేవి. కింద కాఫీ కప్పు పట్టుకోవడానికి తంటాలు పడే మనిషి పైన దేవుడంత నేర్పరి, అందుకే లిఫ్టు పెడతామంటే ఒద్దన్నాడు, అందరూ ఒంటికి మంచిదని ఎక్కుతున్నాడు పాపం అనుకున్నారు.

పన్నెండు రోజుల కిందట కూడా ఎక్కాడు. చేతులు బాగానే ఉన్నాయి. కానీ లారీ రాలేదు, నలభై నిమిషాలు రాలేదు, గాజుగదిలో ఎండ ఒళ్ళో పడింది, ఆ ఎండలో చేతులు బోర్లించుకుని కూర్చున్నాడు. ఖాళీ దొరికితే పిడికిళ్ళు ఆడించాలని ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఆ రోజు ఆడించలేదు. ఎందుకు ఆడించలేదో పన్నెండు రోజులుగా వెతుకుతున్నాడు, అలమరా కిందా మీదా వెతికినట్టు, నిద్ర పట్టిందా అంటే లేదు, బెంగా అంటే లేదు, ఏదో మతిలేక అంటే ఆ మతి లేనిది కూడా గుర్తుండాలి కదా. మర్చిపోయాడు. అంతే. లారీ వచ్చింది, కింద జెండా చెయ్యూపాడు. జెండా అంటే కింద నిలబడి సైగలిచ్చే మనిషి, ఎరుపూ పచ్చా జెండాలు ఎప్పుడో పోయి రేడియోలొచ్చినా ఆ పేరు అతన్ని వదలలేదు. దించమన్నాడు. మెత్తచెయ్యి లివరు ముందుకు నొక్కాడు. ఇనుప కడ్డీల కట్ట దిగింది. ఆగమన్నాడు. ఆగమన్న చెయ్యి స్పష్టంగా కనిపించింది, చెవిలో మాట కూడా వినిపించింది. వదలమని తన చేతికి చెప్పాడు. చెయ్యి వినలేదు. ఆ లివరు మహా బుద్ధిమంతురాలు, వదిలితే లోపలి స్ప్రింగు లాగి దానంతట అది నడిమికొచ్చి క్రేను ఆపేస్తుంది, కానీ వదలాలి. రెండు క్షణాలు, మూడేమో. ఎడమ చేత్తో కుడి వేళ్ళు ఊడదీసేసరికి కట్ట జెండా పాదం మీద ఉంది. నూట నలభై మెట్లు ఎలా దిగాడో తెలియదు, దిగేసరికి చేతులు మళ్ళీ వెన్న. ఏమైందిరా అని ఎవరో అడిగారు. లివరు పట్టేసింది, అన్నాడు. అబద్ధం ఆడాలని అనుకోలేదు. నోరు కూడా ఆ రోజు చేతిలాగే తన పని తాను చేసుకుపోయింది.

అప్పటినుంచి ఇలా ఉంది. ఏం తిన్నా దూది నమిలినట్టు. భార్య ఏదో అంటుంది, మాట లోపలికి వస్తుంది, లోపల ఎక్కడా తగలదు, అటునుంచి బయటికి పోతుంది. దీనికి కారణం ఈ ఉదయమే డాక్టరమ్మ చెప్పింది, ఇతని గురించి చెబుతున్నానని ఆమెకు తెలియదు. ముంజేతికి చిన్న చిన్న కరెంటు చురకలు పెట్టి నరాలు చూస్తూంటే, మా నాన్నకు చెయ్యి పడితే వదిలేది కాదండీ, అన్నాడు, ఊరికే అన్నట్టు. ఆమె కళ్ళు ఒక్కసారి వెలిగాయి, తను చదువుకున్నదే అదట. కాగితం లాక్కుని గీతలు గీసింది. కండలో ఒక్కొక్క పోగు చుట్టూ సన్నటి పొర. పొరలో వాకిళ్ళు. ఉప్పులో ఉండే క్లోరైడు ఆ వాకిళ్ళ గుండా తిరుగుతుంటుంది. నరం పిలిస్తే పొరమీద కరెంటు లేస్తుంది, పోగు ముడుచుకుంటుంది, పిలుపు ఆగాక మిగిలిన గడబిడను ఆ వాకిళ్ళు సర్దేస్తాయి, పోగు సద్దుమణుగుతుంది. మీ నాన్నగారికి ఆ వాకిళ్ళు పుట్టుకతోనే సరిగా తెరుచుకునేవి కావు, అందుకని పిలుపు ఆగినా పోగు తనలో తాను మోగుతూనే ఉండేది, అంది. మరి పనిచేస్తుంటే సర్దుకునేదే, అన్నాడు. అవునండీ, అదే వింత, ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు, అంది, తెలియదని చెప్పడం ఆమెకు ఇష్టంగా ఉన్నట్టుంది. పది నిమిషాలు ఊరికే ఉంటే మళ్ళీ బిగిసిపోయేదా అని ఆమే అడిగింది. బిగిసిపోయేదండీ.

ఇంకా చెప్పింది, ఆగకుండా. మామూలు మనుషుల్లో అయితే, ఒళ్ళు వంచి పనిచేస్తున్న పోగు తన వాకిళ్ళు తనే కొన్ని మూసుకుంటుందట. పని ఎక్కువై పొర అలిసిపోతుంటుంది కదా, చిన్న పిలుపు కూడా అందాలని, వచ్చింది కారిపోకూడదని. మరీ సత్తువ అయిపోవచ్చిందా, ఒక్కసారిగా అన్నీ బార్లా తెరిచేస్తుంది. ఇక నరం ఎంత పిలిచినా పొరమీద ఏమీ లేవదు, లేచింది లేచినట్టే కారిపోతుంది. అది చావు కాదట. చావకుండా ఉండటానికి చేసే పనేమోనని కొందరి అనుమానమట. మెత్తచెయ్యి తల ఊపాడు. తన చేతుల్లో తెరుచుకోవలసిన వాకిళ్ళు తెరుచుకోవు. తనలో మాత్రం, ఎక్కడో, పన్నెండు రోజుల కిందట అన్నీ తెరుచుకున్నాయి. ఈ రెండోదానికి పరీక్ష ఉందో లేదో అడగాలనుకుని అడగలేదు.

మొన్నొకరోజు జెండాను చూడటానికి వెళ్ళాడు, ఇదే ఆసుపత్రి, పై అంతస్తు. ఎడమ పాదంలో సగం తీసేశారు. దుప్పటి అక్కడ చదునుగా ఉంది, చెయ్యి వేసి సర్దాలనిపించేంత చదునుగా. జెండా మంచం పక్క గూట్లోంచి ఒక కొత్త చెప్పుల జత తీసి, కుడిది నాకు, ఎడమది నీకు అని పంచాడు. జతలో ఒకటే కొనడానికి వాళ్ళు ఒప్పుకోలేదన్నా, ఎడమ కాలు ఉన్నవాడివి నువ్వు తొడుక్కో, అన్నాడు. ఆ జోకు పేషెంట్లందరికీ చెప్పి ఉంటాడు, పక్క మంచం మనిషి ముందే నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, నీ తప్పేముందిలే అన్నా, ఇనుము కదా, అన్నాడు. ఆ మాట లోపల తగలాలి. తగులుతుందని ఎదురుచూశాడు కూడా, కుర్చీ అంచున కూర్చుని. ఏమీ తగలలేదు. ఆ చెప్పు ఇంట్లో బల్లకింద ఉంది, ఎడమది, సైజు ఒకటి తక్కువ.

ఇప్పుడు బావమరిది సంగతి. ఇక్కడ నేనొక చిన్న సవరణ చేసుకోవాలి, ఏమనుకోకండి. ఆ గుడ్డు కోడిది కాదు. చెక్కది. బావమరిదే లేతు మిషనుమీద తిప్పి, నున్నగా రుద్ది, తెల్లరంగు పూసి, పనిచోట వార్షికోత్సవానికి బల్లమీద పెట్టాడు, బావ పేరు మోగిపోవాలని. దూలం ఆనిందో, అరంగుళం పైనే ఆగిందో కూడా ఎవరూ వంగి చూడలేదు. నేనూ చూడలేదు, ఆ రోజు నేను అక్కడ లేనే లేను. కళ్ళజోడు మాత్రం నిజం. సరే, గుడ్డు పోతే పోయింది, దాన్ని తిప్పినవాడి సంగతి. నట్టు బిగించాక దానిమీద సుద్దముక్కతో గీత గీసేవాడు, మర్నాడు గీత చెదిరిందేమో చూసేవాడు, ఇంట్లో గ్యాసుపొయ్యికి కూడా గీసి అక్కచేత తిట్లు తిన్నవాడు. స్ప్రింగు చూశానని తనిఖీ కాగితం మీద అతని సంతకం ఉంది. స్ప్రింగు ఊడదీసి చూస్తే బాగానే ఉంది, కానీ ఒక్కోసారి పట్టేసి మళ్ళీ వదిలేయడం ఇనుముకు అలవాటేనన్నారు విచారణవాళ్ళు. డ్రైవరు మాట ఉంది, డ్రైవరు చేతులు బాగున్నట్టు డాక్టరు కాగితం ఒక్కటి వస్తే చాలు. అప్పటిదాకా బావమరిదిని పనిలోకి రావద్దన్నారు. అరుస్తాడేమో, ప్రమాణాలు చేస్తాడేమో అనుకున్నాడు మెత్తచెయ్యి. మూడు రోజులు అరిచాడు కూడా. నాలుగో రోజునుంచి అరవడం మానేశాడు. నిన్న సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, చెప్పు విప్పకుండా అన్నాడు:

“ఆ రోజు స్ప్రింగు చూశానో లేదో గుర్తు రావట్లేదు బావా. చూడకుండానే గీత గీశానేమో.”

చూశావురా, అనాలి. నువ్వు చూడకపోవడం ఎప్పుడైనా ఉందా, అనాలి. కూర్చో, టీ తాగు, అన్నాడు మెత్తచెయ్యి. కూర్చోలేదు. తనకు ఎందుకు గుర్తులేదో తెలియక ఒకడు, తనకు గుర్తున్నది చెప్పలేక ఒకడు, గుమ్మానికి అటూ ఇటూ. భార్య ఇద్దర్నీ చూసింది. ఆమెకు బకెట్టు సంగతి తెలుసు. పన్నెండు రోజులుగా దాని గురించి ఆమె ఒక్క మాట అనలేదు, అన్నం పెట్టేటప్పుడు చెంచా అతని చేతికివ్వకుండా పళ్ళెం పక్కన పెడుతోంది. అంతే. తమ్ముడు మెట్లు దిగాక గీత అనే మాట ఇంట్లో తిరుగుతూనే ఉంది, ఈగలాగా. ఇప్పుడు ఈ వరండాలో కూడా. పుట్టుకతో వచ్చిన జబ్బు తనది, తనకు తెలుసు, చేతిలోనే ఉంది. కానీ వాడికి తను అంటించినది జబ్బు కాదు, ఇంకేదో, మంచివాడికి తన చేతిమీద తనకే నమ్మకం పోయేలా చేసేది. రేపు వాడు ఏ నట్టు బిగించినా రెండుసార్లు చూస్తాడు, తర్వాత పదిసార్లు, ఆపైన బిగించడమే మానేస్తాడు.

జేబులో చేతులు ఇంకా ఆడుతున్నాయి. అరవై దాటి ఉంటాయి, వంద దాటి ఉంటాయి. బుడ్డి ఇప్పుడిస్తే గీత రాయిలా కిందపడుతుంది. మెత్తచెయ్యి చేతులు బయటికి తీశాడు. తొడలమీద పెట్టాడు, బోర్లా కాదు, వెల్లకిలా, అడుక్కునేవాడిలా ఉందేమోననిపించి మళ్ళీ బోర్లా. గోడ గడియారంలో ఒంటిగంటా నలభై. కదపకూడదు. ఇంతకన్నా తేలిక పని ప్రపంచంలో లేదు, ఊరికే ఉండటం, ఊరికే ఉండటమే కదా పన్నెండు రోజులుగా చేస్తున్నది. కానీ వేళ్ళు ఆగవు, చూపుడువేలు లేస్తుంది, దాన్ని పడుకోబెడితే చిటికెనవేలు, నిద్రపోనని మారాం చేసే పిల్లల్లా. అటు చివర ఎవరో కూర్చున్నారు, పైకి లేచాడు. బరువు ఎంతో చెప్పగలడు, డెబ్భై కిలోలు. లేచిపోయారు, దిగాడు. నాన్న చేతులు చివరికి ఎలా ఉన్నాయో గుర్తొచ్చింది, మెత్తగా, పూర్తిగా తెరుచుకుని, అంత తేలిగ్గా ఆ చేతులు విచ్చుకోవడం ఎప్పుడూ చూడలేదు. ఒంటిగంటా నలభై నాలుగు. గాజుగది గుర్తొచ్చింది, అక్కడి కిటికీ అంచున తను వదిలేసిన టవలు, దాన్ని ఇంకెవరో తీస్తారు, తీసి ముక్కుకు దూరంగా పట్టుకుంటారు. పైనుంచి చూస్తే మనుషుల తలలు మాత్రమే కనిపించేవి, ఎవరి మాడు ఎంత పలచబడుతోందో వాళ్ళకన్నా ముందు తనకే తెలిసేది. ఇక వాళ్ళ మొహాలు చూడాలి. ఒంటిగంటా యాభై. నర్సు తలుపు తీసి పిలిచింది, డాక్టరుగారు వచ్చేశారండీ, రండి అని. చేతులవంక చూసుకున్నాడు. వంటవాడు అన్నం మెతుకు నలిపి చూసినట్టు, లోపల ఎంత బిగిసిందో కదపకుండానే అంచనా కట్టాడు.

“ఇంకొక్క నిమిషం ఆగండమ్మా.”

బాత్రూమా అని అడిగింది. కాదన్నాడు. ఆమె భుజాలు ఎగరేసి నిలబడింది. ఒంటిగంటా యాభై ఒకటికి లేచాడు, చేతులు రెండూ ఒంటికి దూరంగా పెట్టుకుని, తడిరంగు అంటుకున్నవాడిలా నడిచాడు.

బుడ్డి చల్లగా ఉంది. పిసకమంది, పిసికాడు. గీత లేచింది. వదలండి, అంది. వదిలానమ్మా, అన్నాడు, నిజంగానే అన్నాడు, వదలమని చేతికి ఎప్పుడో చెప్పాడు. గీత పైనే ఉంది. తర్వాత కొండ దిగుతున్న ముసలివాడిలా ఆగి ఆగి దిగింది. వేళ్ళు బుడ్డిమీదనుంచి ఒక్కొక్కటే వచ్చాయి, బొటనవేలు ఆఖరున. డాక్టరమ్మ తెరవంక చూడటం మానేసి అతని వంక చూసింది. ఉదయం వెలిగిన కళ్ళు ఇప్పుడు వెలగలేదు.

“మీ నాన్నగారిది కాదు కదండీ మీరు అడిగింది.”

“ఆయనదీ, నాదీ కూడా. లివరు బాగానే ఉందమ్మా, స్ప్రింగు కూడా బాగానే ఉంది. నా చెయ్యి వదల్లేదు. అలా రాయండి.”

ఫారంలో లివరు గురించి రాయడానికి గడి లేదంది ఆమె. అంచున ఖాళీ ఉంటుంది కదా, అక్కడ రాయండి, అన్నాడు. ఆమె రాసింది. రాసింది చదివి వినిపించమన్నాడు, వినిపించింది. అయినా సూది పెట్టి కూడా చూడాలంది, కాగితం గట్టిగా నిలబడాలంటే. బొటనవేలి మొదట్లో సన్నటి సూది దింపి, యంత్రానికి గొంతు పెంచింది. చెయ్యి బల్లమీద కదలకుండా ఉంది. సూది కొంచెం జరిపింది. గదిలో చప్పుడు లేచింది, దూరాన ఎవరో మోటారు సైకిలు మీద మలుపు తిరిగి, వేగం పెంచి, తగ్గించి, పోతున్నట్టు. ఇది మీ కండేనండీ, అంది. ఎవరూ పిలవకుండానే. అతను విన్నాడు. యాభై నాలుగేళ్ళుగా తనలో ఉన్న చప్పుడు, ఇప్పుడే మొదటిసారి వింటున్నాడు. అది సన్నగిల్లి ఆగిపోయింది. ఇంకోసారి వినిపించండమ్మా, అన్నాడు. సూది జరిపింది. ఈసారి విన్నప్పుడు కడుపులో ఎక్కడో, చాలా కింద, ఒకటి తగిలింది. పెద్దదేం కాదు. మెతుకంత. కానీ తగిలింది, కారిపోలేదు.

బయటికి వచ్చేసరికి వరండాలో బావమరిది ఉన్నాడు, రెండు గ్లాసుల టీతో. ఒకటి ఇచ్చాడు. మెత్తచెయ్యి ఆ చేత్తోనే అందుకున్నాడు, తాగాడు, తాగడం అయ్యాక గ్లాసు చేతిలోంచి రాలేదు. చూశావురా, అన్నాడు, స్ప్రింగు నువ్వు చూశావు. బావమరిది గ్లాసు వంక చూశాడు, ఆ వేళ్ళ వంక చూశాడు. లాక్కోలేదు. వేళ్ళు వాటంతటవి వచ్చేదాకా కింద అరచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

ఇంత దూరం వచ్చినవాళ్ళకు అబద్ధం మిగల్చడం బాగుండదు గనుక చెబుతున్నాను, ఆ టీ నేను కల్పించింది. పరీక్షా, ఫారం అంచున రాతా, సూది చప్పుడూ అన్నీ జరిగినవే, అతను చెప్పగా రాసుకున్నవే. కానీ బావమరిది ఆ మధ్యాహ్నం రాలేదు. అతనికి సంగతి మర్నాడు తెలిసింది, పనిలోకి రమ్మన్నారు, వెళ్ళాడు, అక్క ఇంటి గుమ్మం మాత్రం తొమ్మిది నెలలు తొక్కలేదు. ఎవరో ఒకరు ఉంటే బాగుండుననిపించి నేనే పంపాను, టీ కూడా నా ఖర్చే. నిజంగా ఆ వేళ వరండాలో నాలుగు ఖాళీ కుర్చీలున్నాయి. మెత్తచెయ్యి వాటి ముందునుంచి నడిచి, పక్క కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగి, ఇంటికి వెళ్ళి, జరిగిందంతా భార్యకు తన నోటితో తాను చెప్పుకున్నాడు.